‘కాదు’ కింద సంతకం ఎవరిది?

“సిస్టమ్ తీసుకోవట్లేదండీ.” ఈ మాటను నేను అబద్ధమంటాను. శ్రీకాకుళంలో రేషన్ డీలరు అన్నా, వరంగల్ మీసేవలో కుర్రాడు అన్నా, నేనుంటున్న సాల్ట్ లేక్‌లో బ్యాంకు గుమాస్తా బెంగాలీలో అన్నా అది అబద్ధమే. తీసుకోవడమూ, తీసుకోకపోవడమూ సిస్టమ్‌కు చేతకావు. ఎవరో ఒక మనిషి ఒక గదిలో కూర్చుని, ఫలానా వేలు పడకపోతే ఈ మనిషిని వెనక్కి పంపెయ్ అని రాశాడు. ఇంకొకడు దాన్ని చదివి సరే అన్నాడు. మరొకడు దాన్ని కొనుక్కొచ్చి కౌంటర్లో పెట్టాడు. కౌంటర్ వెనకున్న నాలుగోవాడు తలెత్తకుండా దాన్ని మనకు చదివి వినిపిస్తున్నాడు. నలుగురు కలిసి ఒక ముసలాయన్ని గుమ్మం దాటించి, ఆ పాపమంతా మిషన్ నెత్తిన రుద్దుతున్నారు.

ఈ మాట నేను దూరం నుంచి అనడం లేదు. సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో కోడ్ రాసి పొట్టపోసుకుంటున్న తెలుగువాణ్ణి. ఈ ఊరు ఎరగనివాళ్ళకు రెండు ముక్కలు చెబుతాను. కలకత్తాకు తూర్పున ఒకప్పుడు ఉప్పునీటి చిత్తడి నేల ఉండేది. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ హయాంలో, హుగ్లీ నది అడుగు మట్టిని గొట్టాలతో తోడిపోసి దాన్ని పూడ్చే పని 1962లో మొదలైంది. యుగోస్లావియా ఆర్కిటెక్ట్ డొబ్రివోయె తోష్కోవిచ్ ఊరి పటం గీశాడు. సెక్టర్లు, బ్లాకులు, బ్లాకులకు రెండేసి ఇంగ్లిష్ అక్షరాల పేర్లు. అందులో ఐదో సెక్టర్ ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల పేట. పొద్దున మెట్రో దిగే జనంలో, కాలేజ్ మోడ్ దగ్గర టీకొట్ల బల్లల మీద తెలుగు వినపడుతూనే ఉంటుంది.

బ్యాంకుల తెరలు, బీమా తెరలు, ప్రభుత్వాఫీసుల తెరలు ఇలాంటి చోట్లే పుడతాయి. కాబట్టి ఆ ‘కాదు’ ఎలా పుడుతుందో నాకు తెలుసు. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఒక వాక్యం ఉంటుంది: వెరిఫికేషన్ ఫెయిలైతే దరఖాస్తు తిరస్కరించాలి. ఫెయిలైన మనిషి ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళాలి అని మీటింగులో ఎవరైనా అడిగితే వచ్చే జవాబూ తెలుసు: అది మన స్కోప్‌లో లేదు. అంతటితో తర్వాతి అంశానికి వెళ్ళిపోతారు. ఆ అర నిమిషంలో లక్షల మంది గతి తేలిపోతుంది. అది తేల్చినవాళ్ళకు పేర్లున్నాయి, జీతాలున్నాయి, విజిటింగ్ కార్డులున్నాయి. రేపు కౌంటర్ దగ్గర వాళ్ళ పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

మా బ్లాకులో ఒక పెద్దాయన ఉన్నారు. తెలుగాయన. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగమంతా ఇనుముతో గడిపి రిటైరై, కొడుకు దగ్గర ఉంటున్నారు. పెన్షనర్లు ఏటా నవంబర్లో తాము బతికున్నట్టు రుజువు ఇచ్చుకోవాలి. కాళ్ళరిగేలా తిరగకుండా, వేలుపెట్టి ఆ పని ముగించుకునేందుకు కేంద్రం 2014లో జీవన్ ప్రమాణ్ తెచ్చింది. ఉద్దేశం మంచిదే. పెద్దాయన వేళ్ళ మీద గీతలు ఏనాడో అరిగిపోయాయి. మిషన్ ఎర్రలైటు చూపించింది. “సిస్టమ్ నిచ్ఛే నా, దాదూ” అన్నాడు గుమాస్తా. సిస్టమ్ తీసుకోవట్లేదట. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నారు. తన పేరు చెబుతున్నారు. పాస్‌బుక్కులో ఫొటో ఆయనదే. అయినా రేపు రమ్మన్నారు. మర్నాడు కూడా అదే జరిగింది.

నన్ను మండించిన సంగతి ఆ ఎర్రలైటు కాదు. ఇలాంటి సందర్భం వస్తే ఏం చేయాలో నియమంలో ముందే రాసి ఉంది. పెన్షనర్ స్వయంగా బ్యాంకుకు వచ్చి అధికారి ఎదుట కాగితం మీద సంతకం పెడితే చెల్లుతుంది. గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన పత్రం పంపినా చెల్లుతుంది. వేలు పడకపోతే ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి కూడా వచ్చింది. అంటే డిజిటల్ పద్ధతి ఉన్నవాటికి తోడుగా తెచ్చిన ఇంకో దారి మాత్రమే. కౌంటర్లో దాన్ని మిగతా దారులన్నీ మూసేయడానికి వాడారు. కొడుకు ఆ నిబంధనలు ప్రింటు తీసి మేనేజర్ బల్ల మీద పెట్టాడు. పని అక్కడికక్కడే అయిపోయింది. చదువుకున్న కొడుకు లేని పెన్షనర్ ఏం చేయాలి? ఇంగ్లిష్‌లో ఉన్న సర్క్యులర్ వెతికిపెట్టే మనిషి లేని వితంతువు ఏం చేయాలి?

పెద్దాయనకు దక్కింది కొద్దిపాటి ఆలస్యం. అదే జబ్బు పేదవాడి గుమ్మంలో ప్రాణం తీస్తుంది. 2017 సెప్టెంబర్ 28న, మన పక్కనే ఉన్న జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో పదకొండేళ్ళ పిల్ల చనిపోయింది. ఆధార్‌తో ముడిపెట్టలేదని ఆ కుటుంబం రేషన్ కార్డు జాబితాలోంచి ఎగిరిపోయింది. నెలల తరబడి బియ్యం రాలేదు. అన్నం అడుగుతూ బిడ్డ పోయిందని తల్లి చెప్పింది. మలేరియాతో పోయిందని అధికారులు వాదించారు. కార్డు రద్దయిన మాట మాత్రం నిజం. ఆ మరుసటి నెలలోనే, అంటే 2017 అక్టోబర్లో, ఆధార్ లేదనో వేలిముద్ర పడలేదనో ఎవరికీ రేషన్ ఆపొద్దని, అలాంటివాళ్ళ వివరాలు విడిగా రాసుకుని సరుకు ఇవ్వాలని కేంద్రం రాష్ట్రాలకు ఆదేశం పంపింది. మంచి ఆదేశం. అది డీలరు చేతిలో ఉన్న మిషన్ తెర మీద ఎక్కడ కనపడుతుంది? తెర మీద ‘ఫెయిల్’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ‘అయినా ఇవ్వాలి’ అనే మాట ఢిల్లీలో ఫైలులో ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరమే పేదవాడి ఆకలి.

ఇక మన తెలంగాణ సంగతి. ప్రభుత్వ శాఖల దగ్గరున్న సమాచారాన్నంతా ఒకచోట కలిపి, ఎవరు పేదలో ఎవరు కాదో తేల్చే సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్‌ను రాష్ట్రం నడిపింది. 2016 నుంచి రద్దయిన రేషన్ కార్డులు దాదాపు 19 లక్షలు. ఇంటికెళ్ళి చూడకుండా, సంజాయిషీ అడగకుండా కార్డులు తీసేశారని కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. పరిశీలిస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికి, నోటి క్యాన్సర్‌తో పోయిన ఒక మనిషిని ఆ సాఫ్ట్‌వేర్ కారు యజమానిగా గుర్తించింది. ఆయన భార్య ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఒక్క వీఆర్వో ఆ వీధికి వెళ్ళి ఆ ఇంటి ముందు నిలబడి ఉంటే సరిపోయేది. వెళ్ళలేదు. కంప్యూటర్ చెప్పింది కదా అనుకున్నారు. ఆ పేరును ఆ కారుకు తగిలించిన తర్కం ఎవరు రాశారు? ఎంత తప్పు వస్తే పర్వాలేదని ఎవరు నిర్ణయించారు? ఆ తప్పుకు ఎవరి జీతంలో ఒక్క రూపాయి కోతపడింది?

ఇది మన దేశం గొడవ మాత్రమే అనుకోకండి. బ్రిటన్ పోస్టాఫీసులు 1999 నుంచి హొరైజన్ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ వాడాయి. తయారు చేసింది ఫుజిత్సు. ఊళ్ళలో పోస్టాఫీసులు నడుపుకునే సబ్ పోస్ట్‌మాస్టర్ల లెక్కల్లో డబ్బు తక్కువైనట్టు అది చూపించింది. మేం తీయలేదని వాళ్ళు మొత్తుకున్నారు. కంప్యూటర్ తప్పు చెప్పదన్నారు పైవాళ్ళు. 900 మందికి పైగా దోషులయ్యారు. కొందరు జైలుకు వెళ్ళారు, కొందరు ఇళ్ళమ్ముకుని లేని లోటు పూడ్చారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని లండన్ హైకోర్టు 2019 డిసెంబర్లో తేల్చింది. ఆ శిక్షలను ఒక్క దెబ్బతో కొట్టేయడానికి 2024 మేలో పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది. చదువు, పత్రికలు, కోర్టులు అన్నీ ఉన్న దేశంలో ఒక అబద్ధపు లెక్కను ఓడించడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఎందుకంటే ఆ అబద్ధం మనిషి నోటి నుంచి రాలేదు. మనిషి చెబితే అనుమానిస్తాం. తెర చూపిస్తే నమ్ముతాం. తప్పుడు తూకంరాయి పెట్టుకున్న షావుకారు దొరికిపోయి, నాకేం తెలుసు రాయిదే తప్పు అంటే ఊరు ఊరుకుంటుందా? మరి కోట్లు తీసుకుని తప్పుడు లెక్క చేసే తెరలు అమ్మినవాడిని ఎందుకు వదిలిపెడుతున్నాం?

“యంత్రాన్ని తిడుతున్నావు, పాత రోజులు మర్చిపోయావా?” అని మా నాన్న తరం వాళ్ళు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. తూకంలో కిలోకు వంద గ్రాములు మింగిన డీలరును వాళ్ళు చూశారు. కులం చూసి, మొహం చూసి కాగితం ఇచ్చిన ఆఫీసును చూశారు. చేయి తడపనిదే ఫైలు కదలని ఎమ్మార్వో కార్యాలయాన్ని చూశారు. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరడం లేదు. ఇవాళ బెంగాల్‌లో పనిచేసుకునే మన విజయనగరం కూలీ, తన ఊరి కార్డుతో ఇక్కడ రేషన్ తీసుకునే వీలుందంటే అది యంత్రం పుణ్యమే. కూరగాయలమ్మే ఆమెకు ఫోన్‌లో డబ్బు పడిందంటే అదీ యంత్రం పుణ్యమే. గుమాస్తా ఇష్టారాజ్యాన్ని యంత్రం కొంత తగ్గించింది. కాదనను.

కానీ ఆ ఇష్టారాజ్యం ఎటు పోయింది? మాయమవలేదు. కౌంటర్ నుంచి లేచి, మెట్లెక్కి, ఎవరికీ కనపడని గదిలోకి వెళ్ళి కూర్చుంది. పాత గుమాస్తా పేరు ఊరందరికీ తెలుసు. ఇంటి ముందుకు వెళ్ళి తిట్టొచ్చు, పైఅధికారికి అర్జీ పెట్టొచ్చు, పేపరుకు ఎక్కించొచ్చు. ఇప్పుడు ఎవరిని తిట్టాలి? లంచగొండిని తీసేసి ఆ కుర్చీని ఖాళీగా వదిలేశారు. లంచగొండి పోవాలి, జవాబుదారీ మనిషి రావాలి. మనకు మొదటిది సగం దక్కింది, రెండోది అసలు దక్కలేదు.

ఇది తెరల సంగతి మాత్రమే కాదు. మా ఊళ్ళో జరిగిన ఒక చావు గురించి కూడా మాట్లాడాలి. 2024 నవంబర్లో, సాల్ట్ లేక్ రెండో గేటు దగ్గర, ఒకే రూటు ప్రైవేటు బస్సులు రెండు పోటీపడ్డాయి. తల్లి స్కూటర్ మీద బడి నుంచి ఇంటికి వస్తున్న పిల్లవాడు ఆ పోటీకి బలయ్యాడు. జనం రోడ్డు మీదికి వచ్చారు. డ్రైవర్‌ను ఉరితీయాలన్న మాట ఆ సాయంత్రం అన్ని నోళ్ళలోనూ ఉంది. డ్రైవర్ తప్పు చేశాడు. స్టీరింగ్ అతని చేతిలోనే ఉంది, బ్రేకు అతని కాలి కిందే ఉంది. ఆ తప్పుకు శిక్ష అతను అనుభవించాల్సిందే.

అక్కడితో ఆగిపోతే మాత్రం ఆ పిల్లవాడికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. కలకత్తా ప్రైవేటు బస్సుల్లో డ్రైవర్‌కూ కండక్టర్‌కూ నెల జీతం ఉండదు. తెగిన టికెట్లలో వాటా ఉంటుంది. ముందు బస్సు స్టాపులో జనాన్ని ఊడ్చుకుపోతే వెనక బస్సు వాడి ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ పోటీని ఇక్కడివాళ్ళు రేషారేషి అంటారు. దశాబ్దాలుగా అంటున్నారు. ప్రతి చావు తర్వాతా కమిషన్ పద్ధతి పోవాలని మాట్లాడుకుంటారు, ప్రతిసారీ అది బతికిపోతుంది. దాన్ని పెట్టిన యజమాని ఆ రోజు స్టీరింగ్ దగ్గర లేడు. దాన్ని చూస్తూ పర్మిట్లిచ్చిన అధికారి ఆ రోజు రోడ్డు మీద లేడు. కాబట్టి వాళ్ళ చేతికి నెత్తురంటలేదు. ఆ వాటా నిష్పత్తి కూడా ఒక ప్రోగ్రామే. తొందరగా వెళ్ళు, ముందున్నవాణ్ణి దాటు, ఆగితే పస్తు అని అది ప్రతి రోజూ డ్రైవర్ చెవిలో ఊదుతుంది. దాన్ని రాసినవాళ్ళ పేర్లు ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కవు. ఇదే ప్రోగ్రామును ఫోన్‌లో పెట్టి, తిండి మోసుకెళ్ళే కుర్రాళ్ళ జేబులో వేసి, దానికి ఇన్సెంటివ్ అని పేరుపెట్టినవాళ్ళు ఈ సెక్టర్ ఫైవ్ లాంటి చోట్ల ఏసీ గదుల్లో ఉన్నారు. వాన పడుతున్నప్పుడు ఆ కుర్రాడు రాంగ్ రూట్లో వస్తే తిడతాం. వాడికి నిమిషాలు లెక్కగట్టినవాణ్ణి మాత్రం తిట్టం.

అదే నెల ఇంకో ఘోరం జరిగింది. ఉత్తరప్రదేశ్‌లో బరేలీ, బదాయూఁల మధ్య రామ్‌గంగా మీద సగం తెగిపోయిన వంతెన ఎక్కి, ఫోన్‌లోని మ్యాప్ చూపిన దారిన వెళ్ళిన కారు నదిలో పడింది. ముగ్గురు పోయారు. మ్యాప్ చంపిందని దేశమంతా అనుకుంది. మ్యాప్ తప్పు చూపించింది, నిజమే. వరదకు కొట్టుకుపోయిన వంతెన ముందు రాళ్ళు అడ్డం పెట్టనిది ఎవరు? ఆ పనికి జీతం తీసుకునే ఇంజినీర్లున్నారు. వాళ్ళ మీదా కేసు పెట్టారు, అది సరైన పని. యంత్రం తప్పు చేసిన ప్రతిచోటా దాని ముందో వెనకో పని ఎగ్గొట్టిన మనిషి ఉంటాడు. ఆ మనిషిని వెతకడమే న్యాయం.

పైవాళ్ళను ఇంత అన్నాను కాబట్టి మన వంతు కూడా చెప్పకుండా వదలను. ఇక్కడి కరుణామయి కూడలి నుంచి సెక్టర్ ఫైవ్ దాకా పొద్దున బండ్ల మీద వెళ్ళేవాళ్ళను చూడండి. హెల్మెట్ మోచేతికి వేలాడుతుంటుంది. సిగ్నల్ దగ్గర పోలీసు కనపడగానే నెత్తికెక్కుతుంది. హైదరాబాద్‌లో కెమెరాకు చిక్కకుండా నంబర్ ప్లేటు వంచుకుంటారు, చివరి అంకెకు మాస్కు తొడుగుతారు. 2022లో ఈ దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 50,029 మంది నెత్తిన హెల్మెట్ లేదు. కెమెరా కోసం పెట్టుకునే హెల్మెట్ కెమెరా లేని మలుపులో కాపాడదు. తారు రోడ్డుకు ఎదురుగా కెమెరా ఉందో లేదో తెలియదు. గుమాస్తా తన బుద్ధిని మిషన్‌కు తాకట్టు పెట్టాడని ఇందాక కోప్పడ్డాం. కెమెరా లేదు కదా అని ఒన్‌వేలో ఎదురొచ్చేవాడు చేసిందీ అదే తాకట్టు. కళ్ళెదుట ఏముందో చూసి తానే తేల్చుకోవాల్సిన పనిని ఇద్దరూ యంత్రానికి వదిలేశారు.

ప్రభుత్వాలు ఈ బుద్ధిని ఇంకా పాడుచేస్తున్నాయి. తెలంగాణలో పేరుకుపోయిన ట్రాఫిక్ చలాన్లు వసూలు చేసుకోడానికి 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గింపు ఇచ్చారు. 2023 డిసెంబర్ చివర్లో 80 శాతం తగ్గింపు ఇచ్చారు. సకాలంలో కట్టిన బుద్ధిమంతుడు నష్టపోయాడు, ఎగ్గొట్టినవాడు లాభపడ్డాడు. జరిమానా అనేది తప్పుకు పడే మచ్చలా ఉండాలి. దాన్ని పండగ సేల్‌లో పెట్టాక అది తప్పు చేసుకునేందుకు కట్టే టికెట్ అయిపోయింది. సాల్ట్ లేక్‌లో ఇళ్ళ కథ కూడా ఇదే. ఇక్కడి స్థలాలు మధ్యతరగతి ఇల్లు కట్టుకుని ఉండేందుకు ప్రభుత్వం 999 ఏళ్ళ లీజుకు ఇచ్చింది. ఇష్టమొచ్చినట్టు అమ్ముకోకూడదని షరతు పెట్టింది. ఆ షరతు కింద సంతకం పెట్టినవాళ్ళే పవర్ ఆఫ్ అటార్నీ కాగితాల చాటున చేతులు మార్చారు. చివరికి రుసుము కట్టించుకుని బదిలీకి ప్రభుత్వమే దారి తెరిచింది. నియమానికి ధర కట్టారు. డబ్బున్నవాడికి ధరగా కనిపించే నియమమే డబ్బు లేనివాడికి గోడగా కనిపిస్తుంది. సిమ్‌డేగా పిల్ల తల్లికి ఎవరూ రాయితీ ప్రకటించలేదు.

ఇంకో చేదు నిజం. ఈ సెక్టర్ ఫైవ్‌లో మంచి కంపెనీల మధ్యనే దొంగ కాల్ సెంటర్లు నడిచాయి. ఇక్కడి బిధాన్‌నగర్ పోలీసులు దాడి చేయని సంవత్సరం లేదన్నట్టుగా పట్టుకుంటూనే ఉన్నారు. మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టిందని చెప్పి అమెరికాలో ముసలివాళ్ళ పొదుపు సొమ్ము లాగడం వాటి వ్యాపారం. అక్కడ కూర్చున్నది డిగ్రీ చదివిన పిల్లలు. ఇలాంటి పిల్లలు పట్టుబడితే చెప్పుకునే మాట ఒకటుంది: “నాకు ఇచ్చిన స్క్రిప్ట్ చదివానంతే.” బ్యాంకు గుమాస్తా తెర చదివాడు, ఈ కుర్రాడు స్క్రిప్ట్ చదివాడు. చదవడం తప్ప తాము చేసిందేమీ లేదంటారు. అవతల ఏడ్చే గొంతు విన్నది నీ చెవి కాదా? కార్డు నంబరు అడిగింది నీ నోరు కాదా? 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా ముఠా కథ వేరు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన పిల్లల్ని తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో బంధించి మోసాలు చేయించారు. తలుపుకు తాళం వేసి కొట్టి చేయించినవాణ్ణి నేను నిందించను. తాళం లేని గదిలో, జీతం కోసం, ఏసీ కింద కూర్చుని చదివినవాణ్ణి క్షమించను. ఎదురు చెప్పగలిగే స్వేచ్ఛ ఎవరికి ఎంత ఉందో, నేరం వాళ్ళకు అంత. బస్సు డ్రైవర్‌కు కొంత ఉంది, యజమానికి ఎక్కువ ఉంది. గుమాస్తాకు కొంత ఉంది, ఆ తెర రాయించిన పెద్దమనిషికి అన్నింటికన్నా ఎక్కువ ఉంది. మనం మాత్రం ఈ లెక్కను తలకిందులుగా వేస్తున్నాం. కింద ఉన్నవాణ్ణి తిట్టి, పైన ఉన్నవాడికి వ్యవస్థ అని గౌరవమైన పేరు పెడుతున్నాం.

ఇప్పుడు కొత్త వేషం వస్తోంది. నిన్నటిదాకా సిస్టమ్ తీసుకోవట్లేదన్నవాళ్ళు రేపు ఏఐ ఒప్పుకోలేదంటారు. అప్పు ఇవ్వకపోయినా, ఉద్యోగానికి పిలవకపోయినా, బీమా కొట్టేసినా అదే జవాబు వస్తుంది. నిన్నటి తెరలో కనీసం రాసిన వాక్యం ఒకటి ఉండేది, వెతికి పట్టుకోవచ్చు. రేపటిది ఎందుకు కాదన్నదో దాన్ని చేసినవాళ్ళు కూడా సూటిగా చెప్పలేరు. అందుకే ఇప్పుడే గట్టిగా నిలబడాలి. ఎందుకో చెప్పలేని యంత్రానికి మనిషి తిండి, పెన్షన్, ఓటు, స్వేచ్ఛ మీద కాదనే అధికారం ఉండకూడదు. దీనిలో బేరం లేదు.

ఏం చేయాలంటారా? కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(డి) చదవండి. ప్రభుత్వ కార్యాలయం తీసుకున్న నిర్ణయానికి కారణాలు, దానివల్ల దెబ్బతిన్న మనిషికి చెప్పి తీరాలని అందులో ఉంది. సిస్టమ్ తీసుకోవట్లేదన్నది కారణం కాదు. ఏ నియమం, ఏ లోపం, ఎవరు నిర్ణయించారు అన్నదే కారణం. ఈ బెంగాల్‌లో 2013లో ప్రజాసేవల హక్కు చట్టం వచ్చింది. ఏ సేవకు ఏ అధికారి బాధ్యుడో, ఎన్నాళ్ళలో ఇవ్వాలో, ఇవ్వకపోతే ఎవరికి అప్పీలు చేయాలో చెప్పాలనీ, ఎగ్గొడితే జరిమానా అనీ అది చెబుతుంది. ఆయుధాలు ఉన్నాయి. తీసి వాడేవాళ్ళు లేరు.

కౌంటర్ ముందు నిలబడ్డవాళ్ళకు నా మాట: వెనక్కి తిరగకండి. “సరే, ఆ ముక్క కాగితం మీద రాసి, మీ పేరు, హోదా వేసి ఇవ్వండి” అని అడగండి. గొంతు పెంచక్కర్లేదు. అక్కణ్ణుంచి కదలకపోతే చాలు. పక్కన ఇంకో ముసలమ్మను వెనక్కి పంపుతుంటే ఆమె తరఫున కూడా మీరే అడగండి. కాగితం మీద పేరు రాయాల్సి వచ్చేసరికి చాలా సిస్టమ్‌లు తీసుకోవడం మొదలుపెడతాయి.

కౌంటర్ వెనక కూర్చున్నవాళ్ళకు: మీ చేతులు కట్టేశారని నాకు తెలుసు. కానీ మినహాయింపు రిజిస్టరు మీ సొరుగులోనే ఉంది. సర్క్యులర్ మీ ఫైలులోనే ఉంది. అది తెరవడానికి ధైర్యం అక్కర్లేదు, చదివితే చాలు. అది చదవడానికే మీకు జీతం ఇస్తున్నారు.

బండి నడిపేవాళ్ళకు: హెల్మెట్ నెత్తిన పెట్టుకోండి. కెమెరా కోసమో రాయితీ కోసమో కాదు. పిల్లను వెనక కూర్చోబెట్టుకుని నియమం తప్పిన తండ్రికి, ప్రభుత్వాన్ని నియమాలు అడిగే హక్కు సన్నబడిపోతుంది.

ఇక సెక్టర్ ఫైవ్‌లో, హైటెక్ సిటీలో, వైట్‌ఫీల్డ్‌లో, డాలస్‌లో కీబోర్డు ముందు కూర్చున్న నా తెలుగు వాళ్ళకు. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన చేతుల్లో ఉన్నంత అధికారం ఏ తహసీల్దారు చేతిలోనూ ఎన్నడూ లేదు. తహసీల్దారు ఒక మండలాన్ని బాధపెట్టగలడు. మనం రాసే ఒక్క షరతు ఒక రాష్ట్రాన్ని వరసలో నిలబెడుతుంది. రిక్వైర్‌మెంట్‌లో అలా ఉందన్నది సమర్థన కాదు. అది సంతకం తప్పించుకోవడం. తిరస్కరించే ప్రతి తెర మీద మూడు మాటలు రాయించండి: ఎందుకు కాదో మనిషికి అర్థమయ్యే భాషలో, ఇప్పుడు ఇంకో దారి ఏమిటో, ఈ నిర్ణయానికి బాధ్యుడెవరో, పేరుతో సహా. ఆ మూడూ లేని ఫీచర్‌ను పూర్తయిందని మార్క్ చేయకండి. మేనేజర్ స్కోప్‌లో లేదంటే, ఆ మాట మెయిల్‌లో రాసి ఇవ్వమని అడగండి. వాళ్ళు రాయడానికి జంకితే, తప్పు ఎక్కడుందో అక్కడే తేలిపోతుంది.

ఎవరికైనా తిండి ఆపే, పెన్షన్ ఆపే, ఎవరినైనా వీధిన పడేసే మాట రాసినవాడు దాని కింద తన పేరు రాయాలి. రాయనంటే ఆ మాట చెల్లదని మనం అనాలి, ఇవాళే, ఎక్కడ నిలబడి ఉంటే అక్కడే.